నౌపడ చిన్నబండిలో మాస్టారు

ఏప్రిల్ ఒకటో తేదీ బ్యాంకు ఉద్యోగులకు సంవత్సరాది. ముందురోజు అర్ధరాత్రి దాకా లెక్కలు సరిచూసి, కళ్ళు మండుతుండగా ఇల్లు చేరతాం. 1997లో అలాంటి ఏప్రిల్ ఒకటిన పర్లాకిమిడిలో నౌపడ బండి ఎక్కి కునికిపాట్లు పడుతున్నాను. ఎదురుబల్ల మీది పెద్దాయన నా మోకాలు తట్టి లేపారు.

"బ్యాంకు బాబూ, ఈవేళ ఈ బండి పుట్టినరోజు. నిద్దరోతే ఎలాగ?"

ఆయన రిటైరైన బడిపంతులు. అందరూ మాస్టారనే పిలిచేవారు. టెక్కలిలో ఉన్న కూతుర్ని చూడడానికి తరచు ఆ బండిలో వెళుతుండేవారు. ఎక్కింది మొదలు దిగేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉండేవారు. తెలుగువాళ్ళతో తెలుగులో, ఒరియావాళ్ళతో ఒరియాలో. సంతకు వచ్చే సవరలు కనిపిస్తే వచ్చిన నాలుగు సవర మాటలూ కలిపేవారు. కొందరు వినేవారు, కొందరు కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. అప్పటికి నేను రెండో రకం.

ఆ రోజు మాత్రం లెక్కల మాట ఎత్తారు గనుక వినక తప్పింది కాదు. హౌరా-మద్రాసు పెద్దలైను నౌపడ మీదుగా పోతుంది. సంస్థానం రాజధాని అక్కడికి పాతిక మైళ్ళ దూరం. రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ సొంత ఖర్చుతో ఆ పాతిక మైళ్ళకూ రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేయించారు. 1898లో అనుమతి వచ్చింది. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. అయిన ఖర్చు ఏడు లక్షల రూపాయలు.

"మైలుకు ఎంత పడిందో చెప్పు చూద్దాం," అన్నారు మాస్టారు.

"ఇరవై ఎనిమిది వేలు," అన్నాను.

"మరి 1910 దాకా నష్టమే. మీ బ్యాంకువాళ్ళయితే అప్పిత్తురా?"

ఇవ్వరని ఒప్పుకున్నాను. పదేళ్ళు నష్టం చూపించే ప్రతిపాదనను నేనైనా పైకి పంపను. 1910 నుంచి కొద్దికొద్దిగా లాభం వచ్చింది. 1924-25 తరువాత బాగా పుంజుకుంది. ఆ ధైర్యంతోనే తరువాతి మహారాజు కృష్ణచంద్ర గజపతి కాలంలో, 1929లో కొంత, 1931లో మిగతాది, లైనును గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. బి.కాం.లో నేను చదివిన పాఠాల్లో ఇలాంటి ఉదాహరణ ఒక్కటీ లేదు. నేను పుట్టిన ఊళ్ళోనే ఉందని ఎవరూ చెప్పలేదు.

అప్పటినుంచి మాస్టారు ఏ పెట్టెలో ఉంటే ఆ పెట్టె ఎక్కేవాణ్ణి. చిన్నబండి నెమ్మదిగా పోవడం ఆయనకు బాగా కలిసొచ్చింది. చెప్పదలుచుకున్నది చెట్టో గుట్టో అయితే, అది కనుమరుగయ్యేలోగా కథ పూర్తయ్యేది. పాతపట్నం దాటాక ఎడమ కిటికీలోంచి చూడమనేవారు. వాన వెలిసిన రోజున దూరంగా మహేంద్రగిరి నీలంగా కనబడేది. అయిదువందల గజాల కొండను చూపించి ఇదేనా అని అడిగితే నవ్వి, "అది దీని మనవడు. మహేంద్రగిరి ఎత్తు పదిహేను వందల మీటర్లు," అనేవారు. ఆ కొండ మీది గుడిలో రాజేంద్ర చోళుని కాలపు శాసనం ఉంది. దక్షిణాది రాజు సేనలు వెయ్యేళ్ళ కిందట ఈ దారిన వచ్చాయని అలా తెలిసింది. నౌపడ దగ్గరపడితే ఉప్పుమడులు. అక్కడ 1930 ఉప్పు సత్యాగ్రహం కథ. ఆ పక్కనే తేలినీలాపురం. ఏటా వానాకాలం చివర గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్లలు ఎగిరేదాకా ఉండి వేసవికి ముందు వెళ్ళిపోతాయి. ఆ పక్షులు వస్తే పంట బాగుంటుందని ఊరివాళ్ళ నమ్మకం. వాటిని రాయి పెట్టి కొట్టనివ్వరు.

ఇవన్నీ ఉత్సాహంగా చెప్పే మనిషి ఒక్కచోట మాత్రం గొంతు తగ్గించేవారు. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య. అక్కడ రాష్ట్రం మారుతుంది.

లైను వేసిన నాడు ఈ చివర ఆ చివర అంతా మద్రాసు రాజధానిలోదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రమైంది. దానికోసం లండను రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్ళి పట్టుబట్టినవారిలో ముఖ్యులు కృష్ణచంద్ర గజపతివారే. 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధాని అయిందీ వారే. నౌపడ, టెక్కలి, పాతపట్నం ఈవల ఉండిపోయాయి. పర్లాకిమిడి, గుణుపురం ఆవలకు పోయాయి. ఒరియావారికి అది ఎన్నో ఏళ్ళ పోరాట ఫలం. వారి సంతోషాన్ని తప్పు పట్టడానికి లేదు. కాని ఒకే బండిలో రోజూ తిరిగే జనం ఒక్క తేదీతో రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు.

ఆ ఏడాదే గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1880లో పదిహేడేళ్ళ వయసులో ఉపాధ్యాయుడిగా వచ్చిన ఊరు అది. సవరలను ఇంట్లో పెట్టుకుని వారి భాష నేర్చుకున్నదీ, వారి పిల్లలకు బడులు పెట్టిందీ, వాడుక తెలుగు కోసం వాదించిందీ, 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపిందీ ఆ ఊరి నుంచే. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. గుణుపురం దాకా పట్టాలు పడ్డ సంవత్సరమూ అదే. డెబ్భై దాటిన వయసులో ఆయన ఊరు విడిచారు. 1940లో కన్నుమూశారు. ఈనాడు మనం ఈ పత్రికలో రాసుకుంటున్న భాష ఆయన గెలిచి పెట్టినదే.

"రామ్మూర్తి పంతులు వెళ్ళిపోనాడు. మనం ఉండిపోనాం. ఉండిపోయినోళ్ళు చెప్పకపోతే ఎవులు చెబుతారు?" అనేవారు మాస్టారు.

ఒకసారి నన్నే అడిగారు, "నీకు లెక్కలొచ్చు, తేదీలు తప్పవు. ఈ బండి కథ రాసిపెట్టరాదా?" అని. సరేనని లావుపాటి నోటుబుక్కు కొన్నాను. రెండు పేజీలు రాశాను. ఈలోగా బదిలీ అయింది. 2002లో నౌపడలో పెద్దలైనుకు శంకుస్థాపన జరిగిందని విన్నాను. 2004 జూన్ 9న చిన్నబండి ఆఖరిసారి నడిచింది. నేను వేరే జిల్లాలో ఆడిట్ పనిలో ఉన్నాను. పెద్దబండి పర్లాకిమిడి చేరింది 2010లో, గుణుపురం చేరింది 2011లో. అప్పటికి మాస్టారు లేరు. నోటుబుక్కులో రెండు పేజీలే ఉన్నాయి. మా భాషలో చెప్పాలంటే అది రానిబాకీ. బాకీదారుణ్ణి నేనే.

అమెరికాలో ఆంట్రాక్ అనే రైలు సంస్థా, అక్కడి జాతీయ పార్కుల శాఖా కలిసి కొన్ని మార్గాల్లో ఒక ఏర్పాటు చేసినట్లు ఆమధ్య చదివాను. స్వచ్ఛందంగా వచ్చిన మామూలు మనుషులు రైల్లో కూర్చుని, దారిలో కనబడే కొండలు, నదులు, కోటలు, పక్షుల గురించి ప్రయాణికులకు చెప్పేవారు. ముందు శిక్షణ తీసుకునేవారు, జీతం ఉండేది కాదు. చదివి ఆశ్చర్యపోలేదు. బిళ్ళా టోపీ లేకుండా అదే పని చేసిన మనిషిని నేను చూశాను.

మొన్న గుణుపురం బండిలో వెళుతుంటే పక్కన పర్లాకిమిడి కాలేజీ అమ్మాయి కూర్చుంది. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒరియా. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఫోను లోంచి తలెత్తి, "అంకుల్, పాతపట్నం ఆంధ్రాలో ఉంటే మన ఊరు ఒడిశాలో ఎందుకుంది?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. చిన్నబండి వేగానికి అలవాటుపడ్డ కథ కదా, 1936 దగ్గరకు వచ్చేసరికి స్టేషన్ వచ్చేసింది. దిగుతూ, "మిగతాది?" అంది.

ఆ మాట కోసమే ఇది రాస్తున్నాను. మనలాంటివాళ్ళు ఉన్న ప్రతి ఊరి మీదుగా ఏదో ఒక బండో బస్సో పోతూనే ఉంటుంది. బరంపురంలోనైనా, హోసూరులోనైనా, యానాంలోనైనా, ఊరి సంగతి తెలిసిన పెద్దలు నెలకొకసారి పక్క సీటువారికి చెప్పడానికి అనుమతి పత్రాలు అక్కరలేదు. వినేవాళ్ళు తక్కువే ఉంటారు. మాస్టారికి నేను దొరకడానికి కూడా చాలా ఏళ్ళు పట్టింది.

నోటుబుక్కు మళ్ళీ తీశాను. మూడో పేజీ మొదలైంది.