మీటరు ఫ్రేము

విజయవాడ ఆటోనగర్. రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలంటారు గానీ, ఇక్కడ పగిలింది మీ మారుతి 800లో మీటరు చుట్టూ ఉండే నల్ల ఫ్రేము. పక్క సందులో లారీ బాడీ కడుతున్నారు, సుత్తి దెబ్బలకు మాట సరిగ్గా వినపడదు. మేస్త్రి బండిని రేకుల షెడ్డు కిందికి తోయించి, నాలుగు డోర్లూ తెరిపించి, తల లోపలికి పెడతాడు. వేలి కణుపుతో ఫ్రేము మీద తడతాడు. ఎడమవైపు గట్టి చప్పుడు. కుడి మూలకొచ్చేసరికి గలగల.

"ఎవరో ముందే పీకారండి దీన్ని. లోపల స్క్రూ ఉందని చూసుకోకుండా లాగేశారు."

కొత్తది దొరకదా అని అడుగుతారు మీరు. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి. ఇంజను సామాను సంగతి వేరు, లోపలి ప్లాస్టిక్ ముక్కల దగ్గరే చిక్కు. పాత బండ్లు విప్పే కొట్లలో వెతకొచ్చుగా అంటే మేస్త్రి నవ్వుతాడు. "అదీ మీ బండితోపాటే ఎండింది కదండీ. విప్పుతుంటేనే విరుగుద్ది."

ఆ మాటలో నిజం ఉంది. ఇలాంటి ఫ్రేములకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌లో గట్టి పదార్థం మధ్య సన్నటి రబ్బరు రేణువులు ఉంటాయి. వంచితే వంగేది వాటివల్లే. ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారులో డాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ వేడికీ, అద్దంలోంచి పడే వెలుతురుకీ ముందు చెడేది ఆ రబ్బరే. అది పోయాక మిగిలేది వంగదు, అప్పడంలా విరుగుతుంది. కొత్త ముక్కకీ పాత ముక్కకీ పైకి చూస్తే తేడా కనపడదు, అదే దీనితో వచ్చిన తంటా.

తీయడానికి మాత్రం ఈ ఎండే సాయం. వెచ్చగా ఉన్న ప్లాస్టిక్ కాస్త మాట వింటుంది. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోనంటాడు మేస్త్రి. తప్పనిసరైతే హెయిర్ డ్రయ్యర్ పట్టాల్సిందే. కనిపించే స్క్రూలు విప్పి, దాక్కున్నదాన్ని టార్చి వేసి వెతికి, పాత ఏటీఎం కార్డు ఒకటి సందులోకి దూరుస్తాడు. స్క్రూడ్రైవర్ పెడితే అంచు చెక్కుకుపోతుంది. కార్డును కొద్దిగా జరుపుతాడు, ఆగుతాడు, ఇంకాస్త జరుపుతాడు. టక్. ఒక క్లిప్పు వదిలింది. మీరు ఊపిరి బిగబట్టారు, ఆయన మాత్రం కుర్రాడితో టీ సంగతి మాట్లాడుతున్నాడు.

ఫ్రేము బల్ల మీదకొచ్చాక అసలు గాయం కనపడుతుంది. స్క్రూ దిగే గొట్టం నిలువునా చీలింది. కుడి చెవి విరిగింది, దాని చుట్టూ ఎప్పుడో పోసిన ఫెవిక్విక్ తెల్లగా పేరుకుని ఉంది. ఆ జిగురు పట్టుకోకపోవడమేం లేదు. గట్టిపడ్డాక మరీ పెళుసు, గతుకుల రోడ్డు అదురుకి నిలవదు.

అతికించే ముందు ఇది ఏ ప్లాస్టికో తేల్చాలి. చాలామంది దాటేసే మెట్టు ఇదే. లోపలివైపు నుంచి చిన్న తునక గీకి నీళ్ల మగ్గులో వేస్తాడు. మునిగింది. పాలీప్రొపిలీన్, అంటే షాపుల్లో పీపీ అనేది, అయితే తేలేది. కానీ సుద్దపొడి కలిపిన పీపీ కూడా మునగొచ్చు, అందుకని వెనకవైపు అసిటోన్ ఒక చుక్క వేసి వేలు ఆనిస్తాడు. వేలికి జిగురు తగిలింది. ఏబీఎస్సే.

"ఒరే, బీడీ ఆర్పెయ్."

కుర్రాడు గాజు సీసా తెస్తాడు. పాత ఏబీఎస్ ముక్కలు అసిటోన్‌లో రాత్రంతా నానితే తయారైన చిక్కటి నల్ల జిగురు అందులో ఉంది. మూత తీయగానే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన గుప్పుమంటుంది. పాత ఫెవిక్విక్ అంతా బ్లేడుతో గీకి, అంచులు వాటర్ పేపర్‌తో గరుకు చేస్తాడు. పగులు ఎక్కడ ఆగిందో చూసి, సరిగ్గా ఆ కొనలో సన్నటి డ్రిల్ బిట్‌తో చిల్లు పెడతాడు. ఉన్నదానికి తోడు ఇంకో చిల్లు ఎందుకని మీకు అనిపిస్తుంది. సూది మొనలా ఉన్న చోటే పగులు ముందుకు పాకుతుంది, గుండ్రటి చిల్లు తగిలితే అక్కడ ఆగిపోతుంది. ఆ తర్వాత జిగురు. అది రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, అందుకే ఈ అతుకు మీద ఆయనకు నమ్మకం. చీలిన గొట్టానికి దారం బిగించి చుట్టి, ఆ దారాన్నీ జిగురుతో తడిపేస్తాడు.

"రేపు సాయంత్రం దాకా ముట్టుకోకూడదండి."

ఈలోగా ఇంకో పని ఉంది, బండి ముందు బంపర్ చెవి కూడా విరిగింది. అది పీపీ, అసిటోన్‌కి లొంగదు, మామూలు జిగురు దాని మీద నిలవదు. సోల్డరింగ్ ఐరన్ పెట్టి వెనకవైపు కరిగించి, టీ జల్లెడలోంచి కత్తిరించిన స్టీలు జాలీని అందులోకి నొక్కుతాడు. పీపీ 160 డిగ్రీలు దాటాక కరుగుతుంది, ఐరన్ వేడి అంతకు చాలా ఎక్కువ. పొగ లేచిందా, చెయ్యి తీసేస్తాడు. అది కరగడం కాదు, మాడడం. పది నిమిషాల పని.

మర్నాడు సాయంత్రం. ఫ్రేము తన చోట కూర్చుంది. అతుకు మీద గోరుతో నొక్కి చూసి, మొదటి స్క్రూ పెడతాడు మేస్త్రి. పెట్టి వెనక్కి తిప్పుతాడు! బిగించాల్సింది విప్పుతున్నాడేమిటని మీరు ముందుకు వంగుతారు. స్క్రూ చిన్నగా కిందికి జారుతుంది. అది పాత మరలో పడిందన్నమాట. అప్పుడు ముందుకు తిప్పుతాడు, ఆనగానే ఆపేస్తాడు. నేరుగా తిప్పితే స్క్రూ కొత్త మర కోసుకుంటూ పోతుంది, గొట్టం మళ్లీ చీలుతుంది. రెండోది, మూడోది కూడా అంతే.

నాలుగోది మీ చేతిలో పెడతాడు. "ఆ మూల బలం లేదండి. మూడు చాలు. ఇదీ బిగిస్తే వచ్చే నెల మళ్లీ ఇక్కడికే వస్తారు." ఆ మూల వెనక ఫోమ్ టేపు ముక్క అంటించి, అరచేత్తో గట్టిగా నొక్కి, బిల్లు రాయడానికి లేస్తాడు.