గిట్ట కింది నేల

నెల్లూరు నుంచి బద్వేలు వైపు పోయే రోడ్డు మీద ఆత్మకూరు దాటితే మాగాణి వెనకబడిపోతుంది. మర్రిపాడు చేరేసరికి ఎర్రనేలలు, కంపచెట్లు, పడమట వెలిగొండలు. ఇది మెట్ట. 1985లో మండలాలు వచ్చేదాకా ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల పేర్లతోనే ఈ ప్రాంతాన్ని చెప్పుకునేవారు. చేను చేతికి రాని ఏట కూడా ఇక్కడి ఇళ్లను నిలబెట్టింది గొడ్లూ జీవాలే. అందుకే గొడ్డు నిలబడే చోటు ఎట్లా ఉండాలన్న ఆలోచన ఇక్కడ ఇంటి కప్పు గురించిన ఆలోచనకు ఏమాత్రం తీసిపోలేదు.

ఇవాళ నెల్లూరులోనో తిరుపతిలోనో కుక్కలకూ పిల్లులకూ నీళ్లు పోసి, జుత్తు కత్తిరించి, గోళ్లు తీసే సెలూన్ పెట్టాలనుకునేవాళ్లు టైల్స్ దుకాణం ముందు నిలబడి తేల్చుకోలేకపోతున్నదీ ఈ సంగతే. కింద ఏం పరిపించాలి? వాళ్లకు అక్కరకొచ్చే చరిత్ర మెట్ట ఊళ్ల కొట్టాల్లో ఉంది.

పాత కొట్టం నేలలో రాయి లేదు, సున్నం లేదు. గరుసో చెరువు మట్టో తోలి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టేవారు. గాడి వైపు కాస్త ఎత్తు, వెనక కాళ్ల వైపు వాలు. మూత్రం కొంత వాలున పోయేది, మిగతాది నేల తాగేది. తెల్లారగానే పేడ ఎత్తి దిబ్బలో వేసి, తడిసిన చోట బూడిదో పొడిమట్టో తిని వదిలిన చొప్పో చల్లేవారు. కొట్టాన్ని నీళ్లతో కడగడమన్నది లేదు. వేసవిలో తాగే నీళ్లకే బావి అడుగు చూడాల్సిన ఊళ్లలో నేల కడగడానికి నీళ్లెక్కడివి? ఆ లేమి నేర్పిన పద్ధతే గొడ్డుకు మేలు చేసింది. గిట్ట పొడిగా ఉండేది. పడుకుంటే మోకాళ్లు ఒరుసుకుపోయేవి కావు. లేచేటప్పుడు కాలు జారేది కాదు.

ఎండాకాలంలో ఆ పైమట్టిని తవ్వి చేలకు తోలి, దాని చోట కొత్త మట్టి పోసుకునేవారు. ఇందులోని లెక్క వ్యవసాయ శాస్త్రానికి ఆలస్యంగా అందింది. పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం పేడలో కాదు, మూత్రంలో ఉంటాయి. బ్రిటిష్ ప్రభుత్వం పంపగా దేశమంతా తిరిగిన రసాయన శాస్త్రవేత్త జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో అచ్చయిన నివేదికలో ఈ మూత్రం వృథా అవుతున్న తీరు గురించి రాశాడు. ఆల్బర్ట్ హోవర్డ్ ఇండోర్‌లో దాన్ని పద్ధతిగా మలిచాడు. యశ్వంత్ వాద్‌తో కలిసి 1931లో వెలువరించిన పుస్తకంలో ఎడ్ల కొట్టానికి మట్టి నేలనే ఎంచుకున్నాడు. మూత్రం పీల్చుకున్న పైమట్టిని కొన్ని నెలలకోసారి తవ్వి, నలగ్గొట్టి, కంపోస్టులో కలపమన్నాడు. పేరు ఇండోర్ పద్ధతి. పని మాత్రం దేశంలోని రైతులు చేస్తూ వచ్చినదానికి చాలా దగ్గర.

అదే మట్టికి ఇంకో గిరాకీ కూడా ఉండేది. మూత్రంలోని నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. పాత ఊరి దిబ్బల, పాత కొట్టాల మట్టిని నీళ్లలో కలిపి, వడగట్టి, మరిగిస్తే పెట్లుప్పు దిగుతుంది. తుపాకిమందులో ముఖ్యమైన సరుకు అదే. ఈస్టిండియా కంపెనీ మన దేశం నుంచి ఓడలకెత్తిన సరుకుల్లో పెట్లుప్పు ఒకటి. యూరప్ యుద్ధాల్లో పేలిన మందులో కొంత మన గొడ్ల కాళ్ల కింద పుట్టిందే.

మరి గొడ్లను కడిగింది ఎక్కడ? చెరువులో, వాగులో. దాని కోసం రేవును చూసి ఎంచుకునేవారు. ఇసకా గులకరాళ్లూ ఉన్న చోటైతే కాలు నిలుస్తుంది. బురద రేవులో తోమిన ఎనుము గట్టెక్కేసరికి మళ్లీ మొదటికొస్తుంది. గడ్డి చుట్టతో వీపు రుద్ది, తోక కుచ్చు విడదీసి, గిట్టల చీలికలో ఇరుక్కున్న ముల్లూ రాయీ తీసి, గట్టు మీద ఎండలో కాసేపు నిలబెట్టి, ఒళ్లు ఆరాకే ఇంటికి తోలుకొచ్చేవారు. కనుమ పండగనాడైతే కొమ్ములకు రంగులూ మెడకు దండలూ అదనం. పంతొమ్మిదో శతాబ్దపు పారిస్‌లోనూ కుక్కలకు జుత్తు కత్తిరించేవాళ్లు సీన్ నది ఒడ్డున రాతి గట్ల మీదే కూర్చునేవారు. అక్కడ నీళ్లు దగ్గర. కత్తిరించిన జుత్తు, కడిగిన మురికి దుకాణంలో పేరుకునే బాధ లేదు.

అంటే నిలబడే చోటు వేరు, కడిగే చోటు వేరు. జంతువు నేల చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఈ ఎడమే. రెండూ ఒక కప్పు కిందికి వచ్చిన రోజు నుంచే చిక్కులు మొదలయ్యాయి.

ఎడ్లకు లాడాలు కొట్టడానికి ఇంకో చోటు కావాలి. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది కనక కాలికి రెండు చొప్పున ఎద్దుకు ఎనిమిది రేకులు. మెత్తటి చేలో తిరిగే ఎద్దుకు వీటితో పెద్దగా పనిలేదు. కంకర రోడ్ల మీద బండి లాగే ఎద్దుకు లాడం లేకపోతే గిట్ట అరిగి నెత్తురు చిమ్ముతుంది. కాళ్లకు తాళ్లు వేసి ఎద్దును పక్కకు పడదోయాలి కాబట్టి ఈ పనికి ఇసకనేలో, మెత్తగా దున్నిన చోటో చూసుకునేవారు. బండల మీద పడితే తుంటి విరుగుతుంది. లాడం కొట్టించుకున్న ఎద్దు ఇంటికొచ్చి నున్నటి బండ మీద కాలు పెడితే మళ్లీ అదే ప్రమాదం. ఇనుముకూ రాయికీ పట్టు కుదరదు. ఎడ్లున్న ఇళ్లలో మనుషుల వసారాకు బండలు వేసినా కొట్టాన్ని మట్టిగానే ఉంచడానికి ఇదొక కారణం.

జీవాల కాపరులది మరో దారి. నెల్లూరు గొర్రె మన దేశపు గొర్రెల్లోకెల్లా ఎత్తయినది. ఒంటి మీద ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే. పూర్తి తెల్లనిది పల్ల, తెలుపు మీద నల్ల మచ్చలున్నది జోడిపి, గోధుమ ఎరుపుది దొర. దక్కన్ గొర్రెలా దీనికి ఏటా ఉన్ని కత్తిరించే పనిలేదు. కాపరి కన్నంతా గిట్ట మీదే. తడిలో నిలిచిన గొర్రెకు గిట్టల చీలిక మెత్తబడి పుండవుతుంది, మందంతా కుంటుతుంది. అందుకని వాళ్లు నేలను శుభ్రం చేయలేదు, నేలనే మార్చారు. ఈ రాత్రి ఒకరి చేలో మంద, ఇంకొన్నాళ్లకు మరొకరి చేలో. పెంట చేనుకు, గింజలో డబ్బో కాపరికి. వానాకాలంలో నీళ్లు నిలవని రాతిగడ్డల మీదికి ఎక్కించేవారు. కొండరాళ్ల మీద తిరిగే జీవానికి గిట్టలు వాటంతటవే అరిగేవి. ఇప్పుడు షెడ్డులో కట్టి మేపే గొర్రెలకు, మేకలకు గిట్టలు పెరిగి వంకరపోతుంటే కత్తితో చెక్కాల్సి వస్తోంది. మెత్తటి నేల ఎంత హాయిగా ఉన్నా కాలికి కాస్త గరుకు కూడా అవసరమని ఆ వంకర గిట్టలే చెబుతున్నాయి.

రాజుల గుర్రపుశాలలు ఈ సమస్యను డబ్బుతో తీర్చుకున్నాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి ప్రకరణం శాల కొలతలతోపాటు నేలను గురించి కూడా చెబుతుంది. గుర్రం పొర్లడానికి వీలైన చోటు శాల మధ్యలో ఉండాలి. ఒక్కో గుర్రం నిలిచే అరలో నున్నగా చెక్కిన చెక్కపలకలు పరచాలి. మూత్రమూ లద్దీ బయటికి పోయే దారి ఉండాలి. పొర్లే నేల ఒకటి, నిలిచే నేల ఒకటి. రెండువేల ఏళ్ల కిందటి ఆ లెక్కను నేటి డిజైనర్లు ఎవరైనా నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

మెట్టకు బండలు వచ్చింది వెలిగొండల అవతలి నుంచి. కడప జిల్లాలో జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల దొరికే సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది. రంపం లేకుండానే పలకలు తీయొచ్చు. జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథం 1872లో వచ్చింది. నార్జి అనే ఊరి పేరే ఆ రాయికి భూగర్భశాస్త్రంలో స్థిరపడింది. జనం నోట మాత్రం అది కడప బండ. లారీల కాలంలో ఇళ్ల వసారాలకు, బావి గట్లకు, గాడులకు, చివరికి కొట్టాలకు కూడా చేరింది.

కొట్టానికి కడప బండ మంచిదా? పాలిష్ పట్టని గరుకు బండైతే మంచిదే. చీపురుతో ఊడ్వొచ్చు, పేడ అంటుకోదు. రెండు లోపాలున్నాయి. ఒకటి, బండకూ బండకూ మధ్య సందు. అందులోకి దిగిన మూత్రం ఎండదు. రెండోది రాయి స్వభావం. సున్నపురాయి మీద ఆమ్లం పడితే నురుగు వస్తుంది. గడ్డి తినే ఆవు మూత్రం క్షారం వైపు ఉంటుంది కాబట్టి రాయికి పెద్దగా హాని లేదు. మాంసం తినే కుక్క మూత్రం సాధారణంగా కాస్త ఆమ్లం వైపు ఉంటుంది. దాన్ని పోగొట్టడానికి బాత్‌రూమ్ ఆసిడ్ పోశారంటే పాలిష్ పట్టిన కడప బండ కొద్ది రోజుల్లోనే తెల్లబారి గుంటలు పడుతుంది. ఆవుకు సరిపోయిన నేల కుక్కకూ సరిపోతుందని అనుకోవడానికి లేదు.

ఆ తర్వాత సిమెంటు. ఎర్రగుంట్ల, చిలంకూరు ఫ్యాక్టరీలు అదే సున్నపురాయిని కాల్చి పొడి చేస్తాయి. పలకగా కొండ దాటిన రాయే బస్తాల్లో మళ్లీ వచ్చింది. పాల కేంద్రాలు ఊరూరా వెలిసి, పాలు శుభ్రంగా ఉంటేనే ధర అన్నాక కొట్టాన్ని కడగక తప్పలేదు. బోరు నీళ్లు రావడంతో అది సాధ్యమూ అయింది. పశువైద్యులు చెప్పే లెక్క ప్రకారం ఆవుకు నిలబడే చోటు మూడున్నర చదరపు మీటర్లు, ఎనుముకు నాలుగు. నేల వాలు 40 అడుగులకు ఒక అడుగు. వాలు తక్కువైతే నీళ్లు నిలుస్తాయి, ఎక్కువైతే చూడి పశువు జారుతుంది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే గాళ్లు గీయించాలి. తాపీమేస్త్రీ మాత్రం తన పనితనం చూపించాలని నున్నగా మెరుగు పెట్టి పోతాడు. తొలకరికే ఏదో ఒక ఎనుము కాళ్లు చాపి పడుతుంది. రబ్బరు మ్యాట్లు కొట్టాల్లోకి వచ్చింది ఇందుకే.

సిమెంటు నేల ఇవాళ ప్రభుత్వ పథకంగా కూడా ఊళ్లలోకి వస్తోంది. ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో కట్టిన 12,500 మినీ గోకులాలను, అంటే చిన్న పశువుల కొట్టాలను, 2025 జనవరి 10న పిఠాపురంలో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ప్రారంభించారు.   సముద్రం దాటిన ఒంగోలు గొడ్లది మాత్రం వేరే కథ. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. బ్రెజిల్‌లో ఒంగోలు జాతిని నెలోర్ అని పిలవడం అందుకే. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ సాల్వడార్ రేవులో ఆగినప్పుడు ఒక ఒంగోలు జత అక్కడ అమ్ముడుపోయిందని ఆ జాతి చరిత్ర చెబుతుంది. ఆ సంతతి అక్కడ బయళ్లలో పచ్చిక మీదే పెరిగింది. నేల సమస్య వాటికి అంతగా రాలేదు.

సెలూన్ విషయంలో పాత ఎడం పూర్తిగా చెరిగిపోయింది. ఒకే గదిలో స్నానం, ఆరబెట్టడం, కత్తిరింపు. నీళ్లు, షాంపూ, రాలిన జుత్తు, భయంతో పోసిన మూత్రం అన్నీ ఒకే నేల మీద. పిల్లిలా కుక్క గోళ్లు లోపలికి ముడుచుకోవు. మెరిసే విట్రిఫైడ్ టైల్ మీద దానికి పట్టు దొరకదు. తడిస్తే గాజు మీద నిలబడినట్టే. తుంటి కీళ్లు బలహీనంగా ఉన్న ముసలి కుక్క ఒక్కసారి జారిందంటే ఇంకోసారి ఆ గుమ్మం తొక్కదు. పైగా టైల్స్ మధ్య సిమెంటు గీతలు మూత్రాన్ని పీల్చుకుంటాయి. బ్యాక్టీరియా దాన్ని అమోనియాగా మారుస్తుంది. ఆ వాసన మనుషుల ముక్కుకు తెలిసేలోపే తర్వాత వచ్చిన కుక్కకు తెలుస్తుంది, అదీ అక్కడే కాలెత్తుతుంది. వాసన పోవాలని ఫినాయిల్ కొడితే పిల్లికి ముప్పు. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు, పైగా అది పాదాలు నాకుతుంది.

చేయగలిగినవి ఉన్నాయి. నీళ్లు పోసే భాగాన్ని గోడతోనో గడపతోనో విడదీసి, అక్కడ జారుడు పరీక్షలో ఆర్ 11 స్థాయి ఉన్న గరుకు టైల్ వేసి, గీతలను ఎపాక్సీతో నింపాలి. నేలా గోడా కలిసే మూలను గుండ్రంగా తిప్పితే జుత్తు ఇరుక్కోదు. వాలు చివర తూముకు తీసి కడుక్కునే జల్లెడ ఉండాలి. మామూలు ఇళ్ల ముందు వేసే పార్కింగ్ టైల్ గరుకుగానే ఉన్నా దాని లోతు గాళ్లలో వెంట్రుకలు చిక్కుకుని రోజూ బ్రష్షుతో తోమాల్సి వస్తుంది. కత్తిరించే భాగంలో తడి ఉండదు. అక్కడ అతుకులు వెల్డింగ్ చేసిన వినైల్ షీటో, మందమైన రబ్బరు పరుపో చాలు. రోజంతా నిలబడి పనిచేసే మనిషి మోకాళ్లకూ అదే మంచిది. కడిగిన కుక్కను ఒళ్లు పూర్తిగా ఆరాకే ఈ భాగంలోకి తీసుకొస్తే రబ్బరు కింద తడి చేరదు, బూజు పట్టదు.