ఫిల్మ్ నగర్ వినే లాటిన్ మాటలు

తెలుగువారి వ్యాజ్యాల్లోకి లాటిన్ పదాలు మద్రాసు దారిన వచ్చాయి. అక్కడ 1801లో సుప్రీంకోర్టు, 1862లో హైకోర్టు ఏర్పడ్డాయి. ఇంగ్లండ్ న్యాయపద్ధతితో పాటే సర్షియోరరీ, మాండమస్ కూడా దిగాయి. కింది అధికారి రికార్డు తెప్పించుకుని, తప్పుంటే ఉత్తర్వు కొట్టేయడం సర్షియోరరీ. విధిగా చేయాల్సిన పని చేయమని అధికారిని ఆదేశించడం మాండమస్.

ఇవి మొదట అందరికీ అందలేదు. పర్లాకిమిడి జమీందారీలో శిస్తు పెంపుపై గరబంధో రైతులు లండన్‌లోని అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లారు. ఆ జమీందారీ ఉన్న గంజాం జిల్లా వ్యవహారంలో సర్షియోరరీ ఇచ్చే అధికారం మద్రాసు హైకోర్టుకు లేదని 1943లో తీర్పు వచ్చింది. 1950లో రాజ్యాంగం 226వ అధికరణం ఆ అధికారాన్ని ప్రతి హైకోర్టుకూ ఇచ్చింది. నిజాం కాలంలో ఉర్దూలో నడిచిన హైదరాబాద్ న్యాయవ్యవస్థలో ఆ తర్వాత ఇంగ్లిష్ పాతుకుపోయింది. 1956లో ఆంధ్ర హైకోర్టు గుంటూరు నుంచి ఇక్కడికి చేరింది.

సినిమా పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాద్‌లో స్థిరపడ్డాక మరికొన్ని లాటిన్ మాటలు రిలీజ్ తేదీలతో ముడిపడ్డాయి. బాకీ తీరలేదని ఫైనాన్షియరో, కథ తనదని రచయితో శుక్రవారం విడుదలకు ముందు సివిల్ కోర్టుకెక్కుతారు. నిర్మాత వాదన వినకుండా ఇచ్చే ఉత్తర్వు ఎక్స్ పార్టీ. పైపైన చూస్తే కేసులో బలముందా అన్నది ప్రైమా ఫేసీ. ఉన్నది ఉన్నట్టే ఉంచమంటే స్టేటస్ కో; జూబ్లీహిల్స్ స్థలాల తగాదాల్లోనూ ఇదే మాట.

నిర్మాతకు రక్షణ కేవియట్. ‘జాగ్రత్తపడాలి’ అన్నది దాని అసలు అర్థం. 1976 సవరణతో సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చేరిన 148ఏ సెక్షన్ కింద దీన్ని ముందే దాఖలు చేస్తే, అవతలివారు స్టే అడిగినప్పుడు నిర్మాతకు నోటీసు రావాలి. గడువు 90 రోజులు. కేవియట్ లేక ఎక్స్ పార్టీ ఇంజంక్షన్ ఇస్తే, కోర్టు కారణాలు రాయాలి. దరఖాస్తును 30 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలి.

సెన్సార్ తగాదాల దారి వేరు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద బోర్డు నిర్ణయంపై అప్పీలు వినే ట్రిబ్యునల్ 2021లో రద్దయింది. అప్పటి నుంచి ఆ అప్పీళ్లు హైకోర్టుకే వెళ్తున్నాయి.