హైదరాబాదులో తేల్చబోయిన ఎడిన్‌బరో తగవు



రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. బేగంపేటలో ఆయన పేరిట భవనమున్నది, పాఠ్యపుస్తకాలలో పాఠమున్నది. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఇదే హైదరాబాదులో జరిగిన మరొక వైద్య పరిశోధన ఐరోపా వైద్యులందరినీ ఇటువైపు తిరిగి చూసేటట్లు చేసింది. దానిని ఇక్కడ తలచుకునేవారు తక్కువ. మన రాయపోల్ 2016లో సిద్దిపేట జిల్లాలో మండలమైంది గాని, ఆ రోజులలో ఈ ప్రాంతమంతా నిజాం రాజ్యమే. ఆ పరిశోధనకు డబ్బు పెట్టినది నిజాం సర్కారు. ఆ సర్కారు ఖజానాకు ప్రధాన ఆధారం భూమిశిస్తు. కనుక ఈ కథలో మన ముత్తాతల నాగలికి కూడా కాస్త వాటా ఉన్నదని నేననుకుంటాను.

కథ మొదలు స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో నగరంలో ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర ఆచార్యుడైన జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరు 4 రాత్రి తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఇద్దరు సహాయకులతో కలిసి క్లోరోఫాం పీల్చి చూశాడు. ముగ్గురూ స్పృహ తప్పి బల్ల కింద పడ్డారు. మేలుకున్న తరువాత, ఇదే తాము వెతుకుతున్న మందని నిర్ణయించుకున్నారు. కొద్ది రోజులలోనే దానిని కాన్పులలో వాడసాగారు. అంతకు ఏడాది ముందు అమెరికాలో ఈథర్ వచ్చింది గాని, క్లోరోఫాం కొద్దిపాటి చాలును, త్వరగా మత్తెక్కుతుంది, వాసన కూడా బాగుంటుంది. 1853లో విక్టోరియా రాణి కాన్పుకు జాన్ స్నో అనే వైద్యుడు దానినే ఇచ్చాడు.

కాని 1848 జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి కొన్ని నిమిషాలలో ప్రాణం విడిచింది. ఆ తరువాత అలాంటి మరణాలు అక్కడా ఇక్కడా జరుగుతూనే ఉన్నవి. రోగం పెద్దది కాదు, కోత పెద్దది కాదు, మనిషి మాత్రం బల్ల మీదనే పోయేవాడు. అప్పుడు వైద్యులు రెండు పక్షాలైనారు. లండనులో జాన్ స్నో వంటివారు క్లోరోఫాం గుండెను ఆపుతుంది, నాడి చూస్తూ ఉండాలి అన్నారు. ఎడిన్‌బరోలో శస్త్రచికిత్స ఆచార్యుడు జేమ్స్ సైమ్, ముందు ఆగేది ఊపిరి, దానిని కనిపెట్టి ఉంటే చాలు, నాడితో పనిలేదు అన్నాడు. ఈ తగవు నలభై ఏళ్లు తెగలేదు.

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. 1846లో స్థాపించిన హైదరాబాదు మెడికల్ స్కూలు బాధ్యత కూడా ఆయనదే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేల మందికి క్లోరోఫాం ఇప్పించి, గురువు చెప్పినట్లు ఊపిరినే చూస్తూ, ఒక్క ప్రాణం కూడా పోలేదని చెప్పుకునేవాడు. మనిషి సమర్థుడే. అయితే గురువు మాటను వేదవాక్యంగా పట్టుకున్న మనిషి. పరిశోధకుడికి అది మంచి గుణం కాదని నా అభిప్రాయం.

గురువు మాటను రుజువు చేయడానికి 1888లో లారీ మొదటి కమిషన్ వేయించాడు. నూటికి పైగా కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి చూసి, ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, ఆ తరువాతనే గుండె ఆగింది అని తేల్చారు. లండనులోని ‘లాన్సెట్’ వైద్య పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ సర్కారు ఒక పని చేసింది. మీకు అనుమానముంటే మీ మనిషిని మీరే ఎంచి పంపండి, ఖర్చు మేము ఇస్తాము అని వెయ్యి పౌండ్లు ఇవ్వజూపింది. తన పక్షాన తీర్పు చెప్పేవాడిని కాక, తనను శంకించేవాడిని ఖర్చు పెట్టి పిలిపించుకోవడం చిన్న విషయం కాదు.

వచ్చినవాడు టి. లాడర్ బ్రంటన్. ఆయన కూడా ఎడిన్‌బరోలో చదివినవాడే. 1867లో గుండెనొప్పికి అమిల్ నైట్రైట్ పీల్పించి ఉపశమనం కలిగించిన ఘనుడు. మన సభ్యులలో కొందరు జేబులో పెట్టుకొని తిరిగే, నాలుక కింద ఉంచుకునే బిళ్ల కూడా దానికి దాయాది మందే. క్లోరోఫాం గుండెను ఆపుతుందన్న నమ్మకంతోనే ఆయన 1889 అక్టోబరులో హైదరాబాదు చేరాడు. భారత ప్రభుత్వం తరఫున బామ్‌ఫోర్డ్, హైదరాబాదు నుంచి డాక్టరు రుస్తుంజీ సభ్యులుగా కలిశారు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, మొత్తం 490 జంతువుల మీద ప్రయోగాలు చేశారు. వాటిలో 120 ప్రయోగాలలో రక్తపోటు గీతలను యంత్రంతో గీయించి, వాటికి ఫోటోలు తీయించారు. ఆ మూగజీవాల లెక్క చదివితే ఈనాటికీ మనసు చివుక్కుమంటుంది.

చివరకు బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకుని లండనుకు తంతి పంపాడు: ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వలన, మందు మోతాదు మించడం వలన, గుండె మీద నేరుగా ఏమీ లేదు. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రచురించింది. లారీ పక్షానికి పండుగే అయింది. అందులోని సూచనలు కొన్ని నిజంగా మంచివి: రోగిని వెల్లకిల పడుకోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి, ఊపిరి బిగబట్టి పెనుగులాడుతుంటే బలవంతాన పీల్పించరాదు, మొదటి నుంచి చివరి వరకు ఊపిరి మీద దృష్టి పెట్టాలి. వీటిని పాటించినచోట ఎన్నో ప్రాణాలు దక్కి ఉంటాయి.

కాని ప్రధాన తీర్పు తప్పు. 1893లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన గాస్కెల్, షోర్ అనేవారు క్లోరోఫాం గుండెను కూడా బలహీనపరుస్తుందని చూపారు. అసలు చిక్కుముడి విప్పినది ఎ.జి. లెవీ. ఆయన 1911లో పిల్లుల మీద ప్రయోగాలు చేసి, మత్తు పూర్తిగా ఎక్కక ముందే, స్వల్ప మోతాదులోనే, గుండె కింది గదులు లయ తప్పి గిలగిలలాడి ఒక్కసారిగా ఆగిపోవచ్చునని నిరూపించాడు. భయం వలన ఒంట్లో పుట్టే అడ్రినలిన్ తోడైతే ప్రమాదం మరీ ఎక్కువ. గోరు తీయించుకోవడానికి వచ్చిన ఆ పిల్ల కూడా బెదిరిపోయి, ఏడుస్తూ కూర్చున్నదే.

మరి 490 జంతువులలో ఇది ఎందుకు కనబడలేదు? హైదరాబాదులో వారు ఎక్కువగా చూసినది మందు ఎక్కించి ఎక్కించి చంపితే ఏది ముందు ఆగుతుందని. అట్లా చేస్తే ఊపిరే ముందు ఆగుతుంది, అందులో అబద్ధం లేదు. తక్కువ మందుతో, మొదటి నిమిషాలలో ఏమవుతుందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. పైగా గుండె లయను గీసి చూపే ఇ.సి.జి. యంత్రం అప్పటికి పుట్టలేదు. హాలండులో లైడెన్ విశ్వవిద్యాలయపు ఐంథోవెన్ దానిని రూపొందించడానికి ఇంకా పదేళ్లకు పైగా పట్టింది. ఈలోగా నాడి చూడనక్కరలేదన్న ధైర్యంతో మందిచ్చిన వైద్యుల చేతులలో ఎందరు పోయారో లెక్క లేదు.

ఇప్పుడు క్లోరోఫాం ఆపరేషన్ థియేటర్లలో లేదు. మత్తు ఇచ్చేటప్పుడు ఛాతీకి ఇ.సి.జి. తీగలు, వేలికి క్లిప్పు పెడతారు. ఒకటి గుండెను, మరొకటి నాడితోపాటు రక్తంలోని ప్రాణవాయువును చూపుతుంది. ఇరుపక్షాల వాదనలూ ఒకే తెర మీద పక్కపక్కన నడుస్తుంటాయన్నమాట.

మరొక పేరు చెప్పక తప్పదు. లారీ దగ్గర 1885లో హైదరాబాదు మెడికల్ స్కూలులో చేరిన తొలి మహిళలలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. కమిషన్ల కాలంలో ఆమె విద్యార్థిని. తరువాత ఏళ్ల తరబడి ఈ నగరపు ఆసుపత్రులలో క్లోరోఫాం ఇచ్చిన వైద్యురాలు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలని ఆమెను పేర్కొంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని మూసీ వరద 1908లో దెబ్బతీసింది. మరుసటి ఏడాదే ఆమె ఎడిన్‌బరో వెళ్లి, మత్తువాయువుల గుణాలు తెలియాలంటే అవసరమని భౌతిక, రసాయన శాస్త్రాలలో డిప్లొమా చదివారు. గురువు చెప్పినదానితో సరిపెట్టుకోక, నడివయసులో సముద్రాలు దాటి మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. తిరిగివచ్చి సర్కారు కొలువులోనే ఉండి, 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. ఆ లెక్కన ఆమె కూడా మన విశ్రాంత ఉద్యోగుల కోవలోని మనిషే.