విస్మయం – గర్వభంగం నుండి యోగభూమిక వరకు

మహత్తు ఎదుట నిలిచినప్పుడు వాక్కు ఆగిపోతుంది, దేహం పులకిస్తుంది, శిరస్సు తనంతట తానే వంగుతుంది. ఈ స్థితికి విస్మయమని పేరు. భారతీయ చింతనలో దీనికి సుదీర్ఘమైన చరిత్ర కలదు.

కేనోపనిషత్తులోని యక్షకథ ఆ చరిత్రకు ఒక ప్రాచీన సాక్ష్యం. విజయగర్వితులైన దేవతల ఎదుట పరబ్రహ్మ యక్షరూపంలో సాక్షాత్కరించింది. అగ్ని ఒక గడ్డిపరకను దహింపలేకపోయాడు, వాయువు దానిని కదలింపలేకపోయాడు. ఇంద్రుడు సమీపించగానే యక్షం అంతర్ధానమైంది. అతడు వెనుదిరుగక నిలిచినందుననే హైమవతి అయిన ఉమ నుండి బ్రహ్మోపదేశం లభించింది. ఇచ్చట విస్మయం అహంకారాన్ని భంగపరచి, జ్ఞానానికి ద్వారం తెరచింది. కఠోపనిషత్తు మరింత ముందుకు సాగి, ఆత్మను బోధించువాడూ, దానిని ఎరుగువాడూ ఆశ్చర్యకరులే అన్నది.

గీతలోని ఏకాదశాధ్యాయంలో ఈ అనుభవం సంపూర్ణరూపం దాల్చింది. విశ్వరూపాన్ని దర్శించిన అర్జునునిలో హర్షమూ భయమూ ఏకకాలంలో ఉదయించాయి. అంతవరకు చనువుతో సఖుడని పిలిచినందుకు అతడు క్షమాపణ వేడుకున్నాడు. పరిచితమైన సౌమ్యరూపాన్ని తిరిగి చూపుమని ప్రార్థించాడు. నిత్యం చెంతనే ఉన్నవానిని తాను ఎరుగనే లేదని గ్రహించడమే ఆ దర్శనంలోని కఠినాంశం.

భరతముని నాట్యశాస్త్రం ఎనిమిది రసాలలో అద్భుతాన్ని చేర్చి, విస్మయాన్ని దానికి స్థాయిభావంగా, బ్రహ్మను అధిదేవతగా, పీతవర్ణాన్ని దాని వర్ణంగా నిర్దేశించింది. రెప్పపాటు లేని చూపు, ఆనందబాష్పాలు, రోమాంచం దాని అనుభావాలు. అయితే ఆ రసానికి కారణాలుగా దివ్యదర్శనంతో పాటు ఇంద్రజాలం కూడా పేర్కొనబడింది. రంగస్థలానికి అది చాలు. సాధకునికి మాత్రం ఈ రెంటి భేదం తెలియవలెను.

ఆ భేదాన్ని నిరూపించినవారు కాశ్మీర శైవాచార్యులు. 9వ శతాబ్దికి చెందిన వసుగుప్తుని ద్వారా లోకానికి అందిన శివసూత్రాలలో ఒకటి విస్మయాన్నే యోగంలోని భూమికలుగా చెప్పింది. అభినవగుప్తుని శిష్యుడైన క్షేమరాజు దీనిని వ్యాఖ్యానిస్తూ, అపూర్వవస్తువును చూసినవాడు అబ్బురపడునట్లు, యోగి తన చైతన్యఘనమైన స్వరూపాన్ని అనుభవిస్తూ తృప్తి తీరక మరల మరల విస్మితుడగునని వివరించాడు. ఇంద్రజాల రహస్యం తెలియగానే దాని అద్భుతం నశిస్తుంది. ఆత్మ విషయంలో ఎరుక పెరిగిన కొలదీ విస్మయం గాఢమవుతుంది.

14వ శతాబ్దిలో సాహిత్యదర్పణకర్త విశ్వనాథుడు, సర్వరసాలకూ చమత్కారమే సారమని, కనుక సర్వత్ర అద్భుతమే ఉన్నదని తన పూర్వీకుడైన నారాయణుడు భావించినట్లు పేర్కొన్నాడు. నేటి తెలుగులో మాటల నేర్పుగా మిగిలిన 'చమత్కారం' ఆనాడు చిత్తవిస్తారాన్ని సూచించిన పదం.

నిత్యం చూసే మూర్తి, నిత్యం జపించే నామం అలవాటుగా మారినప్పుడు, సాధకుడు కొత్త మహిమల కోసం అన్వేషిస్తాడు. కాని అర్జునునికి విశ్వరూపం కనబడినది దూరదేశంలో కాదు; తన రథంపై, పగ్గాలు పట్టి కూర్చున్న సారథిలోనే.