తెర వచ్చిన మూడేండ్లలో: ఫిజీ బాలికల కథ

కదలక తెర ముందు కూర్చుండుట దేహమునకు హానియని అందరెరిగినదే. ఆత్మగౌరవమునకును దెబ్బ తగులునా? ఈ ప్రశ్నకు ఫిజీ దీవులలో జరిగిన యొక పరిశోధన కొంత సమాధానమిచ్చినది.

పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ వాసులు పూర్వమునుండి పుష్టియైన శరీరమునే మెచ్చుకొనెడివారు. ఎవరైనను చిక్కిపోయినచో, అయినవారు సరిగా చూచుటలేదని తలచెడివారు. 1995లో అచటి నంద్రోంగ ప్రాంతమునకు టెలివిజన్ వచ్చినది. కొన్ని వారములకే అమెరికా శాస్త్రజ్ఞురాలు ఆన్ బెకర్ 63 మంది పాఠశాల బాలికలను పరిశీలించెను. 1998లో మరి 65 మందిని పరిశీలించెను. తిండి విషయమున కలతను సూచించు జవాబులిచ్చినవారు 12.7 శాతమునుండి 29.2 శాతమునకు పెరిగిరి. సన్నబడుటకై తిన్నది వాంతి చేసికొను బాలిక 1995లో ఒక్కతెయు లేదు. 1998లో అట్టివారు 11.3 శాతము. తాము లావుగా నున్నామని అప్పుడప్పుడైనను బాధపడినవారు 74 శాతము! తెరపై కనిపించు సన్నని స్త్రీలవలె కావలెనని పలువురు చెప్పిరి.

రెండుసార్లు పరిశీలించినది ఒకే బాలికలను కాదు. ఆ కాలమున వచ్చిన ఇతర మార్పులకును ఇందు పాలుండవచ్చును. కావున దోషమంతయు టెలివిజన్‌దేయనరాదు. అయినను, బాలిక ఎన్ని గంటలు తెర చూచినదో లెక్కించిన చాలదు. చూచి లేచిన పిమ్మట తన్ను తాను ఎట్లు తలచుకొనుచున్నదో కూడ ఉపాధ్యాయులు గమనింపవలెను.