కథోలికులు గుడి ఎందుకు మారుతున్నారు?

ఆదివారం ఉదయం అమీన్‌పూర్ వీధుల్లో నడిచేవారికి ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. దుకాణాల కోసం కట్టిన షట్టరు గదుల్లో, డాబాల మీద వేసిన రేకుల కింద ప్రార్థనలు జరుగుతుంటాయి. వారమంతా పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాల్లో షిఫ్టులు చేసినవారే అక్కడ కూర్చుంటారు. వారిలో కొందరు పుట్టుకతో కథోలికులు. స్వగ్రామంలో జ్ఞానస్నానం పొంది, ఇక్కడికి వచ్చాక మరల బాప్తిస్మం తీసుకున్నవారు. ఎందుకు మారారు? విదేశీ డబ్బు అని కొందరంటారు. అజ్ఞానం అని మన మిత్రులే కొందరంటారు. ఈ రెండూ చరిత్రను పరిశీలించని సమాధానాలని నా అభిప్రాయం.

మొదట కులం సంగతి చూద్దాం. 1606లో మదురై చేరిన రాబర్ట్ దె నొబిలి సన్యాసి వేషం ధరించి, పైకులాల వారికి వారి ఆచారాలు చాలావరకు వదలకుండానే క్రైస్తవాన్ని ఇచ్చాడు. 1623లో పోపు పదిహేనవ గ్రెగరీ ఆ పద్ధతిని ఆమోదించాడు. 18వ శతాబ్దిలో తెలుగు సీమకు వచ్చిన ఫ్రెంచి జెసూట్లూ అదే దారి పట్టారు. రెడ్లు మొదలైన రైతు కులాల వారు కులంతో సహా గుడిలో ప్రవేశించారు. తరువాత మాల మాదిగలు పెద్ద సంఖ్యలో వచ్చి చేరేసరికి, చాలాచోట్ల గుడిలో ముందువరస, ఊరి సమాధుల దొడ్డి ముందుగానే పంపకమై ఉన్నాయి.

ప్రొటెస్టెంటులకు కులం లేదని నేననడం లేదు. అక్కడా మాల మాదిగల మధ్య మిషనుల పేరిట గోడలు లేచాయి. ఐతే ఒక తేడా ఉంది. ఒంగోలు బాప్టిస్టు మిషనులో 1878 జూలై 3న, కరువు రోజుల్లో, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ గుడి వారితోనే పెరిగింది. మరొకరి గుడిలో చోటు అడగవలసిన అవసరం వారికి కలగలేదు.

కథోలిక సంఘంలో కులం ఉన్నదన్నది పరాయివారు మోపిన నింద కాదు. 2016 డిసెంబరులో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్యే తన దళిత విధాన పత్రంలో సంఘం లోపల అంటరానితనం ఉన్నదని ఒప్పుకున్నది. 2000లో మారంపూడి జోజి హైదరాబాదులో నియమితుడై దేశంలో మొదటి దళిత అగ్రపీఠాధిపతి అయ్యాడు. అదే పీఠంలోని పూల అంతోని 2022లో మొదటి దళిత కార్డినల్ అయ్యాడు. ఇది చిన్న మార్పు కాదు. కాని పీఠం మీద వచ్చిన మార్పు సమాధుల దొడ్డి దాకా దిగడానికి చాలా కాలం పడుతుంది.

రెండవ కారణం వలస. కథోలిక వ్యవస్థకు పునాది విచారణ. దానికి హద్దులుంటాయి, పుస్తకాలుంటాయి. పుట్టుక, పెళ్లి, చావు అందులో నమోదవుతాయి. నిలకడగా ఉన్న గ్రామానికి సరిపోయే ఏర్పాటు ఇది. మరి అమీన్‌పూర్ ఏమిటి? ఒక పల్లె ఒకటి రెండు తరాలలో పారిశ్రామిక వాడకు బస్తీ అయి, 2018లో మునిసిపాలిటీ అయింది. ఇక్కడ అద్దెగది మారినప్పుడల్లా మనిషి చిరునామా మారుతుంది. ఏళ్ల తరబడి చదివి, బ్రహ్మచర్యం పాటించే గురువు ఒక్కడు వేలమందిని చూసుకోవాలి. షట్టరు గదిలోని పాస్టరు తరచు తానూ పనివాడే. రాత్రి పదింటికి పిలిచినా వస్తాడు. గుంటూరు వైపునుంచి వచ్చిన ఒక తల్లి నాతో అన్నది: "మా పెద్ద గుడి మీద నాకేం కోపం లేదు సార్. బాబుకి జ్వరమొచ్చిన మూడ్రోజులూ వీళ్లే మా గదిలో కూచున్నారు." ఈ మాటలో సిద్ధాంత వివాదం ఏమీ లేదు.

మూడవది భాగస్వామ్యం. 1962-65 నాటి రెండవ వాటికన్ మహాసభ వరకు పూజ లాటిన్‌లో సాగింది. ప్రొటెస్టెంటులు పురుషోత్తమ చౌదరి కాలంనుంచే తెలుగులో పాడుకున్నారు. పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టిన భక్తసింగ్ 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించి, ఆరాధన కాగానే అందరూ కలిసి భోంచేసే ప్రేమవిందు నడిపాడు. కలిసి తినడమంటే ఈ దేశంలో చిన్న విషయం కాదు. నేటి చిన్న సంఘాలలో అక్షరం రాని స్త్రీ కూడా లేచి సాక్ష్యం చెబుతుంది. పదిమంది ఆమె మాట వింటారు.

నాల్గవది చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. మన రాష్ట్రంలో వారికి దక్కింది బి.సి.-సి కింద ఒక్క శాతం. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరి మహిళ ఒకామెకు ఆ హోదా నిరాకరించినప్పుడు, పసితనంలో కథోలిక గుడిలో ఆమె పొందిన జ్ఞానస్నానపు దాఖలా సాక్ష్యాల్లో ఒకటయింది. ఆ విధంగా విచారణ పుస్తకమే మనిషి మీద సాక్ష్యంగా నిలుస్తున్నది. పుస్తకం లేని సంఘంలో ఆ భయం తక్కువ. ఐనా అదీ పూర్తి రక్షణ కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఎస్.సి. సర్టిఫికెట్టు ఉన్న ఒక పాస్టరుకు అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పు చెప్పింది.

ఇది మన ఒక్క ప్రాంతపు కథ కాదు. బ్రెజిల్‌లో 1980లో జనాభాలో 89 శాతంగా ఉన్న కథోలికులు 2022 నాటికి 56.7 శాతానికి తగ్గారు. 1968 మెడెలిన్ సమావేశం తరువాత అక్కడి గురువులు పలువురు పేదల పక్షాన ధైర్యంగా నిలిచారు. ఐనా పేటల్లోని పేదలు పెంతెకోస్తు సంఘాలకు తరలారు. పేదల తరఫున మాట్లాడటం వేరు, పేదల చేత మాట్లాడించడం వేరు.

కొత్త సంఘాలను నేను పొగడటం లేదు. సారా మాన్పించి జీతాన్ని ఇల్లు చేర్చే పాస్టరే ఆ జీతంలో దశమభాగం అడుగుతాడు. పనిచోట తగిలిన రోగానికి యజమానిని కాక సాతానును బాధ్యుణ్ణి చేసే బోధ యజమానికి మేలే చేస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా శ్రామికులు చనిపోయారు. అటువంటి చావుకు ప్రార్థన ఓదార్పునిస్తుంది. యంత్రాలను తనిఖీ చేయించదు.

ఆ పని చేయవలసింది కార్మిక సంఘం. మన తెలుగులో గుడికీ యూనియనుకూ సంఘమన్న మాట ఒక్కటే. కథోలికుడు పాత సంఘం విడిచి కొత్త సంఘం వెతుక్కున్నప్పుడు మన సంఘం తలుపు అతనికి ఎందుకు కనబడలేదు? అతని బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి మనవాళ్లెవరైనా ఆ గదికి వెళ్లారా? గుడి మారినవారిని విమర్శించే ముందు మనం జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇది.